సిరియా కోట చూడటానికి ఒహైయో వెళ్లాను

మా చెల్లెలు వసుంధర ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసి, "అక్కా, ఇంకొక్కసారి విమానం ఎక్కుతాను. ఈసారి పక్కన నువ్వుండాలి" అంది. ఈ ప్రయాణం అలా మొదలైంది. అది 2012 జూలై. నేను న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఉంటాను. ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. వసు ఒహైయోలో ఒక చిన్న ఊరి కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ ఊరి పేరు రాయొద్దంది కాబట్టి కొలంబస్‌కి పడమరగా కారులో గంట దూరం అని మాత్రం చెబుతాను.

విమానం అంటే టికెట్ కొనుక్కుని ఎక్కేది కాదు. వసు ఆర్కియాలజిస్టు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు తమ రాజ్యం అంచుల్లో, సిరియా, జోర్డాన్ ఎడారుల్లో కట్టుకున్న సైనిక కోటల మీద ఆమె పరిశోధన. ఆ కోటల్లో చాలావాటికి ఇప్పుడు గోడలు లేవు. పక్కన నిలబడి చూస్తే రాళ్ల గుట్టలే. అదే ఆకాశంలోంచి చూస్తే గోడ ఎక్కడ మలుపు తిరిగింది, ద్వారం ఎటుంది, సిపాయిల గదులు ఎన్ని వరసలున్నాయి, అంతా ముగ్గు వేసినట్టు కనిపిస్తుందిట. అందుకని నలుగురు పట్టే చిన్న విమానంలో కిటికీ తెరుచుకుని ఫోటోలు తీయడం ఆమె పనిలో సగం. జోర్డాన్ మీద చాలా ఏళ్లు అలా తిరిగింది.

ఇప్పుడు చూపు పోతోంది. మా మేనమామకి వచ్చిన జబ్బే ఇదీ. ముందు రేచీకటి వచ్చింది. తరవాత పక్క చూపు తగ్గుతూ తగ్గుతూ, గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మిగిలింది. ఆ ఏడాది వేసవి మొదలయ్యేసరికి ఆ కాస్తా మసకబారింది. వెలుగూ నీడా తెలుస్తాయి, ముఖాలు తెలియవు. చూపు లేకుండా విమానం ఎక్కి ఏం చేస్తుంది అని మా ఆయన అడిగారు. నాకూ అర్థం కాలేదు. అడిగితే బాధపడుతుందేమోనని అడగలేదు. ల్యాబ్‌లో సెలవు పెట్టేశాను.

కొలంబస్‌కి పెద్ద విమానంలో వెళితే రెండు గంటలు పట్టదు. కానీ నాకు విమానం అంటే భయం. ఇండియా వెళ్లేటప్పుడు కూడా మా ఆయన చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంటాను. వెళ్లాక ఎలాగూ ఎక్కాలి, దారిలోనైనా తప్పించుకుందాం అనుకుని రైలు బుక్ చేశాను. రైలు పిట్స్‌బర్గ్ దాకా. అక్కడ రాత్రి ఆగి, పొద్దున బస్సులో కొలంబస్. అదే దారిలో వెళ్లాలనుకునే వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మా ఆయన ట్రెంటన్ స్టేషన్‌లో దింపారు. రైలు మధ్యాహ్నానికి కాస్త ముందు వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఇంజను మార్చి, వచ్చిన వైపు నుంచే మళ్లీ బయటికి తీస్తారు. అక్కడ చాలామంది దిగుతారు కాబట్టి సీటు మారడానికి అదే అదను. రైలు కదిలే దిక్కుకి ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. కొండల్లోకి వెళ్లాక ఆ వైపే చూడాల్సినవి ఉన్నాయి. కాఫీ దొరుకుతుంది. తినడానికి మనకి నచ్చేది ఏమీ దొరకదు. నేను పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకెళ్లాను.

ఫిలడెల్ఫియాలో నా పక్కకి ఒక తెలుగమ్మాయి వచ్చింది. పేరు శ్రావ్య, వాళ్లది వరంగల్. పిట్స్‌బర్గ్‌లో మాస్టర్స్ చేస్తోంది. ఎఫ్-వన్ వీసా మీద వచ్చి ఏడాది అయిందని, ఇంటర్న్‌షిప్ ఇంకా దొరకలేదని, సీటులో సర్దుకునేలోపే చెప్పేసింది. పులిహోర పెడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయ కొరికానంది. ఎక్కడికి వెళుతున్నారని అడిగితే చెల్లెలి సంగతి చెప్పాను.

"ఆర్కియాలజీలో జాబ్స్ ఉంటాయా ఆంటీ? హెచ్-వన్ చేస్తరా?" అని అడిగింది.

మా చెల్లెలికి చేశారనీ, ఇప్పుడు సిటిజన్ అనీ చెప్పాను. రోమన్లంటే ఇటలీ వాళ్లు కదా, సిరియాలో ఎందుకున్నరు అని ఆమె తరవాతి ప్రశ్న. నాకు తెలిసింది చెప్పాను. వాళ్ల రాజ్యం అక్కడిదాకా ఉండేది. అంచున ఎడారి. ఎడారి పొడుగునా కోటలు కట్టి, సిపాయిల్ని కాపలా పెట్టారు. ఆ కోటలు శత్రువుల్ని ఆపడానికని అందరూ అనేవారు. మా చెల్లెలు మాత్రం, అవి నీళ్ల మీదా బాటల మీదా కన్నేసి ఉంచడానికి కట్టినవి అంటుంది. ప్రతి కోటా ఒక బావి పక్కనో వాగు పక్కనో ఎందుకుందో చూడండి అని పుస్తకం రాసింది. ఆ పుస్తకం నేను పూర్తిగా చదవలేకపోయాను. బొమ్మలు చూశాను.

లాంకస్టర్‌లో గడ్డి టోపీలు, నల్లబట్టలు వేసుకున్న ఒక కుటుంబం దిగింది. హారిస్‌బర్గ్ దాటాక సస్క్వహానా నది మీద పొడుగాటి రాతివంతెన వస్తుంది. అక్కణ్ణించి రైలు ఏటి పక్కనే చాలాసేపు పోతుంది. ఆల్టూనా దాటాక కొండని చుట్టుకుంటూ గుర్రపు నాడాలా వంగుతుంది. మన రైలు ఇంజను మనకే ఎదురుగా కనిపిస్తుంది. అందరూ ఫోన్లు తీసి ఫోటోలు తీసుకున్నారు. నేను మాత్రం, వసు ఈ దారినే ఎన్నోసార్లు మా ఇంటికి వచ్చి వెళ్లింది, ఈ మలుపు ఆఖరుసారి ఎప్పుడు చూసి ఉంటుందా అని ఆలోచిస్తున్నాను.

పిట్స్‌బర్గ్ చేరేసరికి ఎనిమిది దాటింది. స్టేషన్‌కి నడిచే దూరంలోనే హోటల్ తీసుకున్నాను. బస్సు కూడా ఆ దగ్గర్నించే బయలుదేరుతుంది. శ్రావ్య హోటల్ గుమ్మం దాకా వచ్చి, మీ సిస్టర్‌కి బాగవ్వాలని మొక్కుకుంటా ఆంటీ అని చెప్పి వెళ్లింది. బాగవదని ఆ పిల్లకి చెప్పలేకపోయాను.

పొద్దున ఎనిమిదింటి బస్సు. నాలుగు గంటల ప్రయాణం. ఒహైయోలోకి వచ్చాక రెండు పక్కలా మొక్కజొన్న పొలాలు. ఆ వేసవి వానల్లేవు. నడుం ఎత్తు కూడా పెరగని చేలు, ఆకులు చుట్టుకుపోయి ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. పక్క సీటులో ఒక పెద్దావిడ కూర్చుంది, రైతు కుటుంబం. ఈ పంట ఇక పశువులకే అంది. ఆమె బయటికి చూడలేక ముఖం ఇటు తిప్పుకుంది.

కొలంబస్ బస్టాండులో కారల్ నా కోసం నిలబడి ఉంది. వసుని ఇన్నాళ్లూ ఒహైయోలో విమానంలో తిప్పింది ఈవిడే. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, ఎండకి కమిలిన చేతులు. ఎక్కువ మాట్లాడదు. తన ట్రక్కులో నన్ను వసు ఇంటి దగ్గర దింపి, రేపు పొద్దున ఏడింటికి వస్తానని, టిఫిన్ తక్కువ తినమని చెప్పి వెళ్లిపోయింది.

వసు గుమ్మంలోనే ఉంది. నా వైపు చెయ్యి చాపింది కానీ కాస్త పక్కకి చాపింది. నేనే జరిగి ఆ చేతిలోకి వెళ్లాను. సన్నబడింది. ఇల్లు మాత్రం శుభ్రంగా ఉంది. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. తనే టీ పెట్టింది. కప్పు లోపలి అంచుకి వేలు ఆనించి, ఎంత నిండిందో చూసుకుంటూ పోసింది. కంప్యూటర్ ఈమెయిళ్లు పైకి చదివి వినిపిస్తుంది. సెప్టెంబరు నుంచి మళ్లీ పాఠాలు చెప్పడానికి కాలేజీ ఒప్పుకుంది. ఇవన్నీ ధైర్యంగా చెబుతూనే ఉంది. నేను వింటూ, గొంతు మారకుండా జాగ్రత్తగా ఊ కొడుతున్నాను.

విమానం ఎందుకు అని అప్పుడు అడిగాను. ఈ కరువులో నేల తన లోపల ఉన్నదంతా బయటపెడుతుందని చెప్పింది. ఎప్పుడో తవ్విన కందకం కాలక్రమంలో పూడిపోయినా, అక్కడ మట్టి మెత్తగా, లోతుగా ఉంటుంది. తడి నిలుస్తుంది. చేనంతా ఎండినా కందకం మీద మొలిచిన మొక్కలు పచ్చగా ఉంటాయి. పై నుంచి చూస్తే పచ్చటి గీత. ఈ చుట్టుపక్కల రెండు వందల ఏళ్ల కిందట అమెరికా సైన్యం కట్టుకున్న కోటలున్నాయి. ఇక్కడి ఆదివాసులతో యుద్ధాలప్పుడు వరసగా కట్టుకుంటూ వచ్చారు. అందులో ఒకటి ఫలానా పొలంలో ఉండాలని వసు లెక్క. ఎన్నేళ్లు తిరిగినా కనపడలేదు. రోమన్ల గురించి చెప్పేటప్పుడు పిల్లలకి ఈ కోటలనే ఉదాహరణగా చెబుతుందిట. ఎక్కడైనా సరిహద్దు కోట అంటే ఊరికి దూరంగా ఉన్న కొద్దిమంది మనుషులు, జీతం కోసం, ఉత్తరాల కోసం ఎదురుచూడటమేనంది.

"ఇలాంటి ఎండ మళ్లీ ఎప్పుడొస్తుందో. నాకు కనపడదు. నీకు కనపడుతుంది కదా" అంది.

మర్నాడు పొద్దున కారల్ వచ్చింది. ఊరి బయట గడ్డి మైదానంలో ఒక రేకుల షెడ్డు. అందులో విమానం. రెక్కలు పైన ఉన్నాయి కాబట్టి కిందికి చూడటానికి అడ్డు ఉండదు. కారల్ నన్ను తన పక్కన ముందు సీటులో, వసుని నా వెనక కూర్చోబెట్టింది. తలకి హెడ్‌సెట్లు పెట్టుకున్నాం. ఒకరి మాట ఒకరికి వినపడేది వాటిలోంచే. విమానం గడ్డి మీద గెంతుతూ గెంతుతూ నేలని వదిలేసింది. నేను కళ్లు మూసుకున్నాను.

"అక్కా, కళ్లు తెరువు. నువ్వు మూసుకుంటే ఇద్దరం గుడ్డివాళ్లమే" అంది చెవిలో.

తెరిచాను. కింద ఏమీ అర్థం కాలేదు. అంతా పచ్చగా ఉంది అని చెప్పాను. ఏ పచ్చ అని అడిగింది. పచ్చ అంటే పచ్చే కదా అన్నాను. కాదంది. చిలకపచ్చా, అరటాకు పచ్చా, పాచి రంగా, పండిన కొబ్బరాకులా పసుపు కలిసిందా అని ఒక్కొక్కటే అడిగింది. అప్పుడు చూడటం మొదలుపెట్టాను. చెట్ల గుంపు నల్లపచ్చ. వాగు వెంట గడ్డి చిలకపచ్చ. చేలు బూడిద కలిసిన పసుపు. నీడలు ఎటు పడ్డాయి అంది. సూర్యుడు నా కుడి పక్కన ఉన్నాడు, చెట్ల నీడలు ఎడమకి పడ్డాయని చెప్పాను. గుర్తుపెట్టుకోమంది. ఎత్తుగా ఉన్నదాని నీడ సూర్యుడికి అవతల పడుతుంది. గుంటలో అయితే సూర్యుడి వైపు గట్టు నీడ గుంటలోనే పడుతుంది. కాబట్టి నలుపు ఏ పక్క ఉందో చూస్తే అది గుట్టో గుంటో తెలుస్తుంది. ఒక పొలంలో రాళ్లకుప్ప, ఒకచోట ఎండిన చెరువుగుంట చూపించి కారల్ నా చేత అభ్యాసం చేయించింది.

తరవాత ఆ ఫలానా పొలం మీదికి వచ్చాం. కారల్ ఒక రెక్క వంచి చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. వాంతి వస్తుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మొదటి చుట్టులో ఏమీ లేదు. రెండో చుట్టులో ఏమీ లేదు. మూడో చుట్టులో ఎండ ఒక పక్కనుంచి తగిలినప్పుడు, ఎండిన చేలో సన్నటి పచ్చగీత ఒకటి కనపడింది. తిన్నగా పోయి, ఠక్కున మలుపు తిరిగింది. ఇంకొంచెం పోయి మళ్లీ మలుపు. మూలల్లో బాణం మొనలా బయటికి పొడుచుకొచ్చి ఉంది. మనిషి చేతితో గీసింది తప్ప మరోటి కాదు.

నేను గబగబా చెప్పేశాను. వసు నెమ్మదిగా చెప్పమంది. గీత ఏ మూల నుంచి ఏ మూలకి, ఎక్కడైనా తెగిందా. తెగింది, వాగు వైపు తెగింది అన్నాను. అది ద్వారం అంది. చెబుతున్నంతసేపూ ఆమె కిటికీ అద్దానికి నుదురు ఆనించి, బయటికి చూస్తున్నట్టే ఉంది. కళ్లు మాత్రం అటూ ఇటూ కదలడం లేదు. కెమెరా నాకిచ్చి, తెరిచిన కిటికీలోంచి తీయమంది. చాలా తీశాను.

దిగాక కారల్ నాకు నీళ్లిచ్చి, మీ భాష నాకు ఒక్క ముక్క తెలియదు, కానీ దొరికింది ఎప్పుడో మీ గొంతు విని తెలుసుకున్నాను అంది. వసు విమానం తలుపు మీద కాసేపు చెయ్యి ఉంచి నిలబడింది. కారల్ ముఖం తిప్పుకుని షెడ్డు తలుపు సరిచేస్తున్నట్టు నటించింది. ఇంక ఎక్కనని వసు ముందే చెప్పిందిట.

ప్రయాణం ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక వసు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. నన్ను పిలిచింది అసలు దేనికో అప్పుడు చెప్పింది.

సిరియాలో ఒక కోట ఉంది. దాని పేరు కూడా రాయను. వసు మొదట పని చేసింది అక్కడే. ఐదారు ఎండాకాలాలు ఆ కోట పక్కనే ఉంది. సిరియాలో వీళ్లని విమానం ఎక్కనివ్వరు కాబట్టి, ఎప్పుడో ఆ దేశాన్ని ఏలినప్పుడు ఫ్రెంచివాళ్లు విమానంలోంచి తీసిన పాత ఫోటోలు, ఆ తరవాత ఉపగ్రహం తీసినవి దగ్గర పెట్టుకుని, నేల మీద నడిచి కోటంతా కొలిచింది. ఇప్పుడక్కడ యుద్ధం. కాపలాలు లేని పాత కట్టడాలని దొంగలు తవ్వుకుపోతున్నారని వార్తలు వస్తున్నాయి. తెలిసిన ఒక ప్రొఫెసర్ ఈ మధ్య ఉపగ్రహం తీసిన కొత్త ఫోటో సంపాదించి పంపాడు. అది వచ్చి రెండు వారాలైంది. కంప్యూటర్ అక్షరాలు చదివి పెడుతుంది కానీ ఫోటో చదవలేదు.

నీ స్టూడెంట్లు ఉన్నారు కదా, వాళ్లు నాకంటే బాగా చెబుతారు కదా అన్నాను.

"చెబుతారు. వాళ్లు ఇంగ్లీషులో రిపోర్టులా చెబుతారు. నాకు తెలుగులో వినాలనుంది, నీ నోటితో" అంది.

పొద్దున అన్ని పచ్చల గురించీ నీడల గురించీ నాకు నేర్పింది ఇందుకే. ముందు ఉపగ్రహం తీసిన పాత ఫోటో తెరవమంది. ఎర్రమట్టి మీద పేకముక్కలాంటి ఆకారం. మూలలు గుండ్రంగా తిరిగాయి. లోపల వరసలు వరసలుగా సన్నటి గీతలు. కుడి పక్కన, ద్వారం బయట, ఒక తెల్లటి చిన్న చదరం. దాని పక్కన నీళ్ల ట్యాంకు. తరవాత కొత్త ఫోటో తెరిచాను.

అదే ఆకారం. కానీ లోపల గీతలు లేవు. అంతా చుక్కలు. మశూచి వచ్చి తగ్గిన ముఖంలా ఉంది. ఒక్క క్షణం, అంతా బాగానే ఉంది అని చెప్పేద్దామా అనుకున్నాను. ఎవరు కాదంటారు? ఈ లోపల వసు, ఏం కనపడుతోంది అని మామూలుగా అడిగింది. చుక్కలున్నాయి అని చెప్పాను.

ట్యాంకు నీడ ఎటు పడింది అంది. ఎడమకి. అంటే సూర్యుడు కుడివైపున్నాడు. చుక్కల్లో నలుపు ఏ పక్క ఉంది? ఒకటొకటిగా చూశాను. అన్నిట్లోనూ కుడి పక్కే, సూర్యుడి పక్కే.

"గుంటలు" అంది వసు. తల ఊపింది. ఎక్కడెక్కడ ఉన్నాయని అడిగింది. సిపాయిల గదుల్లోనా, గుడి దగ్గరా, ధాన్యం కొట్ల దగ్గరా. ఆ పేర్లన్నీ నాకు వేలితో బల్ల మీద గీసి చూపిస్తూ అడిగింది. నేను అన్నిచోట్లా అన్నాను. ఖాళీ చోటు ఎక్కడైనా ఉందా అంది. వెతికాను. ఉత్తరం మూల కొంచెం ఉంది అన్నాను. ఆ మూల ఏమీ లేదు, బండరాయి అంది. ఆమె గొంతు స్థిరంగానే ఉంది. ఇలా అవుతుందని ముందే అనుకుంది కాబోలు. ఏళ్ల తరబడి చేసిన పని పోయింది అని నేను ఏదో అనబోతే, కొలతలు నా దగ్గరున్నాయి కదా అక్కా అని నన్నే ఓదార్చింది.

తరవాత తూర్పు ద్వారం బయట ఇల్లు ఎలా ఉంది అని అడిగింది.

పాత ఫోటోలో ఆ తెల్లటి చదరమే ఇల్లు అని నాకు అప్పుడు తెలిసింది. కొత్త ఫోటోలో చూశాను. అక్కడ గుంటలేవీ లేవు. ప్రాణం లేచొచ్చింది. ఇల్లు ఉంది అని సంతోషంగా చెప్పాను. ఇందాకటి ఫోటో కంటే బాగా కనపడుతోంది. మూడు గదుల ఇల్లు. పెద్ద గది ఒకటి, చిన్నవి రెండు.

వసుకి వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను.

"గదులు ఎలా కనపడతాయి అక్కా? పైన కప్పు ఉండాలి కదా" అంది.

అప్పుడు మళ్లీ చూశాను. నిజమే. తెల్లటి కప్పు లేదు. గోడలు నిలబడి ఉన్నాయి, వాటి మధ్య ఖాళీ. ఒక గోడ పొడుగునా నల్లగా ఉంది. అది నీడ కాదు, మసి.

వసు రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. మా అమ్మ పోయినప్పుడు కూడా వసు అంతగా ఏడవడం నేను చూడలేదు. దగ్గరికి తీసుకుని కూర్చున్నాను. సాయంత్రం దాకా ఆగి ఆగి చెప్పింది.

అది కోట కాపలాదారు ఇల్లు. కొడుకు పేరు మీద ఆయన్ని అబూ సాలెం అంటారు, భార్యని ఉమ్ సాలెం అంటారు. ముగ్గురు ఆడపిల్లలు, ఒక కొడుకు. వసుకి అప్పటికే చీకట్లో చూపు ఆనేది కాదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని మానిపిస్తారని భయం. మొదటి ఏడాది ఒక సాయంత్రం డేరా నుంచి బయటికి వచ్చి, దారి తప్పి, రాళ్ల మధ్య కూలబడింది. ఉమ్ సాలెం చూసింది. ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి పొద్దు వాలగానే వచ్చి వసు చెయ్యి పట్టుకునేది. భోజనానికి తీసుకెళ్లేది, బహిర్భూమికి తీసుకెళ్లేది, తిరిగి డేరాలో దింపి వెళ్లేది. జట్టులో మిగతావాళ్లు వీళ్లిద్దరికీ మంచి స్నేహం అనుకునేవాళ్లు. ఉమ్ సాలెం ఎవరికీ చెప్పలేదు, చివరికి భర్తకి కూడా.

"నాకు కళ్లు పోతున్నాయని మీ అందరికంటే ముందు ఆవిడకి తెలుసు" అంది వసు. శీతాకాలం నుంచి వాళ్ల ఫోన్ మోగడం లేదుట.

తరవాత తెలిసిన సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నేను ఇంటికి వచ్చిన కొన్ని నెలలకి ఆ ప్రొఫెసర్ ద్వారా కబురు వచ్చింది. ఉమ్ సాలెం, ఇద్దరు కూతుళ్లు జోర్డాన్‌లో శరణార్థుల శిబిరంలో ఉన్నారు. మిగతావాళ్ల గురించి ఆవిడకే తెలియదు. ఇప్పుడు వసు నెలకోసారి ఆవిడతో ఫోన్‌లో మాట్లాడుతోంది. కోట సంగతి ఇద్దరూ ఎత్తరు.

మర్నాడు పొద్దున వసు నాకంటే ముందు లేచింది. ఫోటోలో నేను చూసినవన్నీ ఆ ప్రొఫెసర్‌కి ఈమెయిల్‌గా చెప్పి నా చేత టైప్ చేయించింది. గుంటల గురించి నేను చెప్పినట్టే రాయించింది. ఇంటి గురించి ఒక్క వాక్యం. నేను చదివి వినిపించాక, పంపించు అంది. తను పెరుగన్నం కలిపి నా డబ్బాలో పెట్టింది. కారల్ వచ్చి నన్ను కొలంబస్ బస్టాండులో దింపింది. వసు కూడా వచ్చింది. బస్సు కదిలేటప్పుడు చెయ్యి ఊపింది. నేను ఏ కిటికీలో ఉన్నానో తెలియదు కాబట్టి బస్సు మొత్తానికీ ఊపింది.

ఆ రాత్రి పిట్స్‌బర్గ్‌లో అదే హోటల్. ఇంటివైపు రైలు పొద్దున ఏడున్నరకే బయలుదేరుతుంది కాబట్టి స్టేషన్ దగ్గర ఉండటం మంచిది. ఈసారి కొండల్లో మలుపు కుడి వైపు కిటికీలోంచి కనపడుతుంది.

పక్కన ఒక రిటైరైన నర్సు కూర్చుంది, ఫిలడెల్ఫియా ఆవిడ. ఎక్కడినుంచి వస్తున్నారు అంటే చెల్లెలి దగ్గర్నించి అన్నాను. ఏం చేస్తుంది అంటే పాత కోటల పరిశోధన అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. తనకి చిన్నప్పట్నించీ అలాంటివంటే ఇష్టమట. ఈమధ్య కొత్తగా ఏమైనా దొరికిందా అని అడిగింది. ఒక కోట దొరికింది, ఒక కోట పోయింది అని చెప్పాను. ఆవిడ నా ముఖం చూసి, మరి అడగకుండా, తన దగ్గరున్న బిస్కెట్లు నా ముందు పెట్టింది.

వెళ్లేటప్పుడు చెల్లెలి కళ్ల కోసం ఏడవాల్సి వస్తుందని మనసు గట్టి చేసుకుని వెళ్లాను. ఉన్న రోజుల్లో వసు తన కళ్ల గురించి ఒక్కసారీ ఏడవలేదు. ఏళ్ల తరబడి కొలిచిన కోట పోయిందంటే తట్టుకుంది. మూడు గదుల మీద కప్పు లేదంటే తట్టుకోలేకపోయింది. ఆ మాట చెప్పింది నేను. ఏం చెబుతున్నానో తెలియకుండా, సంతోషంగా చెప్పాను.

హారిస్‌బర్గ్ దాటాక మళ్లీ పొలాలు మొదలయ్యాయి. అక్కడ కాస్త వాన పడ్డట్టుంది, చేలు పచ్చగా ఉన్నాయి. పొలాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్లు. నల్లటి కప్పులు, రేకు కప్పులు, మరమ్మతు కోసం నీలం పట్టా కప్పినది ఒకటి. ఒకచోట కప్పు మీదికి ఎక్కి ఒకతను మేకులు కొడుతున్నాడు, కింద ఒకావిడ నిచ్చెన పట్టుకుని నిలబడింది. పెరట్లో తాడు మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఏ ఇంట్లోనూ ఎన్ని గదులున్నాయో పైకి తెలియడం లేదు. ట్రెంటన్ వచ్చేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాను.